రైఫిల్ కార్డు మీద రెండు కొలతలు: గ్రూప్ ఎంత, గురి ఎంత

ఎయిర్ రైఫిల్ రేంజ్‌లో ఒకే లేన్‌లో ఇద్దరు పిల్లలు అయిదేసి పెల్లెట్లు (చిన్న సీసం గుళ్ళు) కాల్చారనుకోండి. ఒకరికి 40 వచ్చింది, ఇంకొకరికి 37. మూడు పాయింట్లే తేడా కాబట్టి ఇద్దరూ ఇంచుమించు ఒకే స్థాయిలో ఉన్నారనిపిస్తుంది. టార్గెట్ కార్డులు పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి కార్డులో రంధ్రాలన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి, కాకపోతే ఆ గుంపంతా కుడివైపు జరిగిపోయింది. రెండో కార్డులో రంధ్రాలు నడిమి చుక్క చుట్టూ నాలుగు దిక్కులా చెదిరిపోయాయి. మొదటి పిల్లకి కావలసింది సైట్ (రైఫిల్ మీద గురి చూసే భాగం) నాబ్ తిప్పడం, అయిదు నిమిషాల పని. రెండో పిల్లాడికి నిలబడే తీరు, ఊపిరి, ట్రిగ్గర్ మీద వేలు అన్నీ కుదరాలి, నెలలు పట్టే పని. ఇద్దరికీ "ఇంకా ప్రాక్టీస్ చెయ్యండి" అని ఒకటే మాట చెప్పి పంపేస్తే ఇద్దరికీ అన్యాయం చేసినట్టే.

కార్డు చేతికి రాగానే "ఎంతొచ్చింది?" అనే అడుగుతాం. స్కోరు అనేది రెండు వేరు వేరు సంగతుల్ని కలిపేసిన అంకె. పెల్లెట్లు ఒకదానికొకటి ఎంత దగ్గరగా పడ్డాయన్నది ఒకటి, దాన్నే గ్రూప్ అంటాం. ఆ గ్రూప్ నడిమధ్య టార్గెట్ నడిమధ్యకి ఎంత దూరంలో ఉందన్నది రెండోది, అది గురి. నేర్చుకునే రోజుల్లో ఈ రెండింటినీ విడివిడిగా కొలిచి రాసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బరువులెత్తే పిల్లలకి ఈ బాధ లేదు. ఆమదాలవలసలో సాధన చేసి 2000లో సిడ్నీ ఒలింపిక్స్ కాంస్యం దాకా వెళ్ళిన కరణం మల్లీశ్వరి ఆటలో బార్ మీద ఎన్ని కిలోలున్నాయో అందరికీ కనిపిస్తుంది. షూటింగ్‌లో మాత్రం అసలు లెక్కని మనమే స్కేలు పెట్టి కాగితం మీంచి తీసుకోవాలి.

ఇక్కడ చెప్పేదంతా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కి. ఎన్‌సీసీలో .22 రైఫిల్ పట్టుకున్నవాళ్ళకీ పద్ధతి ఇదే, అంకెలు మారతాయి.

ముందుగా చేతిలో ఉండాల్సినవి

అంతర్జాతీయ కొలతల్లో అచ్చేసిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కార్డులు తెచ్చుకోండి. పది వలయం అంటే నడిమి తెల్ల చుక్క, దాని వ్యాసం 0.5 మి.మీ. తొమ్మిది 5.5, ఎనిమిది 10.5, అలా ఒక్కో వలయానికి 5 మి.మీ. చొప్పున పెరిగి ఒకటో వలయం 45.5 మి.మీ. దగ్గర ఆగుతుంది. నల్లటి భాగం 30.5 మి.మీ. జిరాక్స్ తీయించిన కార్డులు వాడేవాళ్ళు ముందు ఆ నల్ల భాగాన్ని స్కేలుతో కొలిచి చూసుకోవాలి. జిరాక్స్ మెషీన్ కొంచెం పెంచినా తగ్గించినా ఆ తర్వాత వేసే లెక్కలన్నీ తప్పుతాయి.

పెల్లెట్లు 4.5 మి.మీ.వి, చదునైన తల ఉన్నవి. సూది మొనవి, గుండ్రటి తలవి కాగితాన్ని చించుకుని పోతాయి, రంధ్రం అంచు ఎక్కడో తెలియదు. చదును తల పెల్లెట్ పంచింగ్ మెషీన్ కొట్టినట్టు గుండ్రంగా కోస్తుంది. కార్డు వెనక మందపాటి అట్ట ఒకటి పెడితే రంధ్రం ఇంకా శుభ్రంగా వస్తుంది.

వీటితోపాటు స్టీలు స్కేలు, గ్రాఫ్ షీట్లు, సన్న ములికి పెన్సిలు, పొడుగు నోటు పుస్తకం. వెర్నియర్ కాలిపర్స్ దొరికితే మరీ మంచిది. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో చూసినదే, ఇంట్లో చదువుకున్నవాళ్ళు ఎవరున్నా వాడటం చూపిస్తారు. డిజిటల్‌ది కొనేదాకా ఆగనక్కర్లేదు, అర మిల్లీమీటరు దాకా చదవగలిగితే ఈ దశలో చాలు.

లైను దగ్గర

విజయనగరం వాళ్ళకి రైఫిల్ కొత్త కాదు. 1962 నుంచి కోరుకొండలో సైనిక్ స్కూలుంది, చింతలవలసలో అయిదో బెటాలియన్ ఉంది, ఊళ్ళో పోలీస్ ట్రైనింగ్ కాలేజీ ఉంది. ఇన్నేళ్ళుగా చూస్తున్నా కొందరు పెద్దలు ఎయిర్ రైఫిల్‌ని బొమ్మ తుపాకీ అనుకుంటారు. అది బొమ్మ కాదు, కన్ను పోతుంది. కాబట్టి కొలతల కంటే ముందు ఇవి: బారెల్ ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్ళకూడదు. ఎవరైనా కార్డు మార్చడానికి ముందుకు వెళ్తుంటే రైఫిళ్ళన్నీ ఖాళీ చేసి, బారెల్లో సేఫ్టీ ఫ్లాగ్ (రైఫిల్ ఖాళీ అని చూపే గుర్తు) పెట్టి, కింద పెట్టేయాలి. కళ్ళద్దాలు తప్పనిసరి. పెల్లెట్ సీసంతో చేసింది కాబట్టి పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏదీ తినకూడదు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల పక్కన రేంజ్ తెలిసిన పెద్దవాళ్ళు ఉండి తీరాలి. మేడ మీదా తోటలోనూ కాల్చకండి. పిట్టల జోలికి అసలు వెళ్ళకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం, అన్నిటికీ మించి శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చింతచెట్ల మీద కొంగల్ని పిల్లల్లా చూసుకునే ప్రాంతం మనది.

దూరాన్ని టేపుతో కొలవండి. ఫైరింగ్ లైను నుంచి కార్డు ముఖం దాకా 10 మీటర్లు, టార్గెట్ మధ్య నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తు. "ఇంచుమించు పది ఉంటుందిలే" అనుకుంటే కొలత కుదరదు. గ్రూప్ దూరంతో పాటు పెరుగుతుంది. 9 మీటర్ల దగ్గర 9 మి.మీ. వచ్చిన గ్రూప్ 10 మీటర్ల దగ్గర 10 అవుతుంది. ఈ వారం ఒక చోటా వచ్చే వారం ఇంకో చోటా నిలబడితే మెరుగయ్యారో లేదో మీకే తెలియదు.

వెలుతురు రోజూ ఒకేలా ఉండేలా చూసుకోండి. రేకుల షెడ్డులో పొద్దున ఒక పక్క కిటికీ నుంచి, సాయంత్రం ఇంకో పక్క నుంచి వెలుతురు పడితే కంటికి ముందు సైట్ కనిపించే తీరు మారుతుంది, గ్రూప్ ఒక పక్కకి జరుగుతుంది. కరెంటు పోయి వచ్చే ఊళ్ళలో టార్గెట్ మీద వేరే లైటు పెట్టుకోవడం మంచిది. ఫ్యాను గాలి నేరుగా మీ మీదా కార్డు మీదా పడకుండా తిప్పండి.

కాల్చడం

పోటీలో కాగితం కార్డు మీద ఒక్కో టార్గెట్‌కి ఒక్క షాటే కాలుస్తారు. గ్రూప్ కొలవాలంటే అది కుదరదు. ఒకే టార్గెట్ మీద అయిదు షాట్లు కాల్చండి. అలాంటి కార్డులు రెండు, ఓపిక ఉంటే నాలుగు.

ఒక నియమం మాత్రం గట్టిగా పాటించాలి. అయిదూ అయ్యేదాకా ఒకే చోట గురి పెట్టాలి. మొదటి పెల్లెట్ కుడికి వెళ్ళిందని రెండోది కొంచెం ఎడమకి పెట్టి కొట్టారంటే ఆ కార్డు కొలతకి పనికిరాదు. తీర్థాల్లో బెలూన్ల దుకాణం దగ్గర మనందరికీ అబ్బే అలవాటు ఇది. అక్కడి తుపాకీల సైట్ ఎటో వంగి ఉంటుంది, ఒకటి రెండు తప్పాక దానికి తగ్గట్టు పక్కకి పెట్టి పేలుస్తాం. అక్కడ అదే తెలివి, రేంజ్‌లో దాన్ని బయటే వదిలేయాలి. సైట్ తప్పుగా ఉంటే ఉండనివ్వండి, అయిదూ అదే తప్పుతో కాల్చండి. తప్పెంతో తర్వాత కొలిచి తీసేయొచ్చు.

మధ్యలో టెలిస్కోపుతో చూడాలనిపిస్తుంది, చూడకండి. దానికి బదులు ప్రతి షాట్ తర్వాత, పెల్లెట్ వెళ్ళిన క్షణంలో సైట్ ఎక్కడుందో గుర్తు తెచ్చుకుని నోటు పుస్తకంలో ఒక చుక్క పెట్టండి. "కొంచెం కుడి, కింద" అని అంతే. శ్రీకాకుళం వైపు ఒక కోచ్ పిల్లల్ని దీని గురించే అస్తమానం సతాయించేవాడు: "ఒరే గుంటడా, ముందు అదెటెల్లిందో సెప్పు, తర్వాత కార్డు సూడు." ఇది విసుగు పుట్టించే అలవాటే, కానీ ఒక షాట్ ఎందుకు తప్పిందో కార్డు ఒక్కటే చూసి చెప్పలేం. ఈ చుక్కలుంటే చెప్పగలం.

గ్రూప్ కొలవడం

అన్నిటికంటే తేలిక కొలత ఇది. అయిదు రంధ్రాల్లో ఒకదానికొకటి బాగా దూరంగా ఉన్న రెండింటిని చూడండి. ఒకదాని బయటి అంచు నుంచి రెండోదాని బయటి అంచు దాకా కొలవండి. అందులోంచి పెల్లెట్ వ్యాసం 4.5 తీసేయండి. మిగిలినది ఆ రెండు షాట్ల మధ్యల నడుమ దూరం. ఉదాహరణకి బయటి అంచుల మధ్య 11.6 మి.మీ. వస్తే గ్రూప్ 7.1 మి.మీ. రెండు రంధ్రాలు ఏకమైపోయినా అంచు నుంచి అంచుకి కొలిస్తే చిక్కు ఉండదు, మధ్య ఎక్కడో ఊహించే పని లేదు. .22 అయితే 5.6 తీసేయాలి.

ఈ కొలతలో ఒక లోపం ఉంది. అయిదు షాట్లలో రెండే దీని కంట పడతాయి. మిగతా మూడూ ఒకే రంధ్రంలోంచి వెళ్ళినా, చెల్లాచెదురుగా పడినా అంకె మారదు. పైగా ఎన్ని షాట్లు కాలిస్తే అంత పెరుగుతుంది. అదే చేయి, అదే రైఫిల్‌తో మూడు షాట్ల గ్రూప్ సగటున అయిదు షాట్ల గ్రూప్ కంటే అయిదో వంతు చిన్నగా కనిపిస్తుంది, పది షాట్లది పావు వంతు పెద్దగా వస్తుంది. అందుకని మూడు షాట్ల కార్డు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టినవాళ్ళతో మీ అయిదు షాట్ల కార్డు పోల్చుకుని బాధపడకండి. ఎప్పుడూ అయిదుకి అయిదే పోల్చాలి.

నడిమధ్య ఎక్కడుందో కనుక్కోవడం

ఇక్కడ కొంచెం ఓపిక కావాలి. మొత్తం పనికి ప్రాణం ఇదే కాబట్టి నెమ్మదిగా చదవండి.

కార్డు మీద నడిమి చుక్క గుండా నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీయండి. ప్రతి రంధ్రం మధ్య నిలువు గీతకి ఎంత కుడిగానో ఎడమగానో, అడ్డ గీతకి ఎంత పైనో కిందో మిల్లీమీటర్లలో రాయండి. కుడి, పై అయితే ప్లస్. ఎడమ, కింద అయితే మైనస్. రంధ్రం మధ్య కంటితో పోల్చుకోవడం కష్టమైతే దాని ఎడమ అంచు, కుడి అంచు రెండూ కొలిచి సగటు తీసుకోండి.

మొదట చెప్పిన 40 కార్డుని తీసుకుందాం. కుడి-ఎడమ, పై-కింద వరసలో అయిదు షాట్లూ ఇవి: +6, +1. తర్వాత +9, −3. మూడోది +4, −2. నాలుగోది +8, +2. అయిదోది +3, −3.

కుడి-ఎడమ అంకెలన్నీ కూడితే 30, అయిదుతో భాగిస్తే +6. పై-కింద అంకెలు కూడితే −5, భాగిస్తే −1. అంటే ఈ గ్రూప్ నడిమధ్య టార్గెట్‌కి 6 మి.మీ. కుడిగా, 1 మి.మీ. కిందగా ఉంది. ఇదే గురి తప్పిన కొలత. కార్డు మీద ఆ చోట ఎర్ర పెన్నుతో చిన్న ఇంటూ పెట్టండి.

ఓపెన్ సైట్‌తో నల్ల భాగం అడుగున గురి పెట్టే అలవాటున్నవాళ్ళకి ఒక మాట. మీరు ఎక్కడ గురి పెట్టారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. పెల్లెట్ ఎక్కడ తగలాలని సైట్ బిగించారో అక్కడి నుంచి కొలవాలి. అది ఎప్పుడూ నడిమి చుక్కే.

ఇప్పుడు రెండో కార్డు, 37 వచ్చినది. −7, +3. +6, +5. +2, −8. −5, −4. +4, +4. కూడి చూడండి, రెండు వైపులా సున్నా. గురిలో ఒక్క మిల్లీమీటరు తప్పు లేదు! పిల్లాడి సైట్ చక్కగా ఉంది. ఈ కార్డు చూసి ఎవరైనా సైట్ నాబ్ మీద చెయ్యి వేస్తే ఉన్నది కూడా చెడగొట్టినట్టే.

సగటు దూరం

గ్రూప్ ఎంత బిగుతుగా ఉందో చెప్పడానికి ఇందాకటి రెండు రంధ్రాల కొలత కంటే మంచిది ఇంకొకటి ఉంది. ఎర్ర ఇంటూ గుర్తు నుంచి ఒక్కో రంధ్రం మధ్యకి స్కేలు పెట్టి కొలవండి. అయిదు దూరాల సగటు తీయండి. మొదటి కార్డులో అవి 2.0, 3.6, 2.2, 3.6, 3.6. సగటు 3.0 మి.మీ. రెండో కార్డులో 7.6, 7.8, 8.2, 6.4, 5.7. సగటు 7.1 మి.మీ.

స్కోరులో మూడు పాయింట్ల తేడా ఉన్న ఆ ఇద్దరి మధ్య అసలు తేడా ఇప్పుడు కనిపిస్తుంది. రెండో పిల్లాడి షాట్లు మొదటి పిల్లకంటే రెండింతలకు పైగా చెదిరాయి. మొదటి పిల్ల గ్రూప్‌ని ఉన్నదున్నట్టుగా ఎత్తి నడిమి చుక్క మీద పెట్టామనుకోండి. ఆ అయిదు షాట్లకే 10, 9, 10, 9, 9 వస్తాయి. 40 కాస్తా 47 అవుతుంది, చేతిలో కొత్త నైపుణ్యం ఏదీ చేరకుండానే.

ఈ 7 పాయింట్లు ఎక్కడి నుంచి వచ్చాయో తల్లిదండ్రులకి కార్డు పెట్టి చూపించండి. "మా అమ్మాయికి షూటింగ్ రాదు" అని మానిపించబోయేవాళ్ళు ఆగుతారు.

సగటు దూరంలో ప్రతి షాటూ లెక్కలోకి వస్తుంది కాబట్టి ఒక్క షాట్ జారిపోయినా అంకె మొత్తం తలకిందులు కాదు. అయినా అయిదు షాట్లు తక్కువే. మీరు ఏ మార్పూ చేయకుండానే ఒక కార్డుకీ ఇంకో కార్డుకీ గ్రూప్ పావు వంతు అటూ ఇటూ మారడం మామూలే. ఒక కార్డు బాగా వచ్చిందని పొంగిపోవద్దు, ఒకటి పాడైందని కుంగిపోవద్దు. నాలుగు కార్డుల సగటుని నమ్మండి.

ఒక షాట్ ఎక్కడికో ఎగిరిపోతే దాన్ని లెక్కలోంచి తీసేయొచ్చా అని అందరూ అడుగుతారు. కార్డు చూడకముందే మీ నోటు పుస్తకంలో "ఇది జారింది" అని రాసి ఉంటే, దానితో ఒకసారీ అది లేకుండా ఒకసారీ లెక్క వేసి రెండూ రాసుకోండి. రాయని షాట్‌ని తీసేయకూడదు. కార్డు చూశాక నచ్చని రంధ్రాలు తీసేస్తూ పోతే ఎవరి గ్రూపయినా చిన్నగానే కనిపిస్తుంది.

సైట్ ఎప్పుడు తిప్పాలి

ముందు మీ సైట్‌లో ఒక క్లిక్కు (నాబ్ టక్కుమని తిరిగే ఒక మెట్టు) ఎంత జరుపుతుందో తెలుసుకోవాలి. ఒక్కో రైఫిల్‌కి ఒక్కోలా ఉంటుంది, పక్క లేన్ వాళ్ళని అడిగి లాభం లేదు. ఒక కార్డు కాల్చి నడిమధ్య గుర్తించండి. కుడి-ఎడమ నాబ్‌ని ఒకే వైపు 20 క్లిక్కులు తిప్పండి. అదే చోట గురి పెట్టి ఇంకో కార్డు కాల్చి దాని నడిమధ్య కూడా గుర్తించండి. రెండింటికీ మధ్య 5 మి.మీ. వచ్చిందనుకుంటే క్లిక్కుకి 0.25 మి.మీ. రెండు మూడు క్లిక్కులే తిప్పి కొలవబోతే చేతి వణుకులో ఆ జరుగుడు కలిసిపోయి కనబడదు, అందుకే 20. నాబ్ ఏ వైపు తిప్పితే గ్రూప్ ఎటు వెళ్ళిందో కూడా ఇప్పుడే రాసి పెట్టుకోండి. నాబ్ మీద రాసి ఉన్న అక్షరాలు ఒక్కో కంపెనీలో ఒక్కో అర్థంలో ఉంటాయి. వెనక సైట్ విషయంలో గుర్తుంచుకోవలసింది ఒకటే, గ్రూప్ ఎటు జరగాలో సైట్ కూడా అటే జరగాలి.

మొదటి కార్డుకి 6 మి.మీ. ఎడమకి రావాలి. క్లిక్కుకి 0.25 అయితే 24 క్లిక్కులు. మరి కింద తప్పిన 1 మి.మీ. సంగతి? దాన్ని వదిలేయండి. అయిదు షాట్ల నడిమధ్య కూడా కొంత అటూ ఇటూ ఊగుతుంది. అయిదు షాట్ల కార్డుకి నేను చెప్పే సూత్రం ఇది: గురి తప్పిన దూరం సగటు దూరం కంటే తక్కువగా ఉంటే సైట్ ముట్టుకోవద్దు. ఇక్కడ సగటు దూరం 3, కుడి తప్పు 6. అది నిజమైన తప్పే, సరిచేయాలి. కింద తప్పు 1 మాత్రమే, రేపటి కార్డులో అదే పైకి వెళ్ళొచ్చు. నాలుగు కార్డులు కలిపి 20 షాట్లు కొలిస్తే ఆ హద్దు సగానికి తగ్గుతుంది, అప్పుడు ఒకటిన్నర మిల్లీమీటర్ల తప్పుని కూడా నమ్మి సరిచేయొచ్చు.

ప్రతి షాట్‌కీ ఒక క్లిక్కు తిప్పేవాళ్ళు ప్రతి రేంజ్‌లోనూ ఉంటారు. చేతి చెదురుడు వెంట సైట్‌ని పరిగెత్తించడం అది. అలా చేస్తే గ్రూప్ ఇంకా పెద్దదవుతుందే గానీ చిన్నదవదు. ముందు గ్రూప్ బిగించాలి, ఆ తర్వాతే సైట్.

తప్పు మనిషిదా, రైఫిల్‌దా

"సార్, రైఫిల్ బాగాలేదు" అనే మాట నిజమో కాదో తేల్చుకునే దారి ఉంది. పాత జీన్స్ ప్యాంటు కాలు కత్తిరించి, నాగావళి ఇసుక ఎండబెట్టి జల్లించి నింపి, రెండు చివరలూ కుట్టేయండి. బల్ల మీద దాన్ని పెట్టి, దాని మీద రైఫిల్ ముందు భాగం ఆనించి, కూర్చుని కాల్చండి. ఇప్పుడు మీ ఒంటి ఊగుడు చాలావరకు పోయింది. నిలబడి కాల్చిన కార్డుల్లో సగటు దూరం 7 ఉండి, ఇసుక బస్తా మీద 1.5 వస్తే రైఫిల్‌కి ఏ జబ్బూ లేదు. బస్తా మీద కూడా 5 వస్తే పెల్లెట్ మార్చి చూడండి, స్టాకు (భుజానికి ఆనించే భాగం) స్క్రూలు వదులయ్యాయేమో చూడండి, సైట్ కదులుతోందేమో వేలితో నొక్కి చూడండి. పెల్లెట్లు రెండు మూడు రకాలు కొని, ఒక్కోదానితో రెండేసి కార్డులు బస్తా మీద కాల్చి పోల్చుకోవడం డబ్బు దండగ కాదు. ఒకే రైఫిల్ ఒక రకం పెల్లెట్‌ని ఇష్టపడుతుంది, ఇంకోదాన్ని ఇష్టపడదు.

స్ప్రింగ్ రైఫిల్ వాడేవాళ్ళకి ఒక జాగ్రత్త. మన దగ్గర మొదలుపెట్టే పిల్లల చేతుల్లో ఎక్కువగా ఉండేది అదే. పెల్లెట్ బారెల్ దాటకముందే అది ముందుకీ వెనక్కీ ఊగుతుంది కాబట్టి పట్టే తీరు మారితే గురి కూడా జరుగుతుంది. దాన్ని నేరుగా బస్తా మీద ఆనించకుండా, బస్తా మీద అరచేయి పెట్టి ఆ చేతిలో వదులుగా పెట్టుకోండి. బస్తా మీద బిగించిన సైట్ నిలబడి కాల్చేటప్పుడు అదే చోట కొట్టాలని లేదు, సైట్‌ని చివరికి నిలబడే సరిచూసుకోవాలి. గాలి సిలిండర్ ఉండే రైఫిళ్ళకి ప్రెషర్ బాగా పడిపోతే గ్రూప్ జరుగుతుంది, కాబట్టి కొలత రోజున గేజ్ అంకె కూడా రాసుకోండి.

గ్రూప్ ఆకారం

అంకెలు రాసుకున్నాక కార్డుని కాస్త దూరంగా పట్టుకుని ఆకారం చూడండి. నిలువుగా సాగితే మొదట ఊపిరిని అనుమానించండి. ఒక షాట్ ఊపిరి నిండా ఉన్నప్పుడు, ఇంకోటి వదిలాక కాలుస్తున్నారు. అడ్డంగా సాగితే పాదాలు, నడుము టార్గెట్‌కి సరైన వాలులో లేక చేతి బలంతో రైఫిల్‌ని పక్కకి లాగి పట్టుకుంటున్నారేమో, లేదా ట్రిగ్గర్‌ని పక్కకి గుంజుతున్నారేమో. రెండు చిన్న గుంపులుగా విడిపోతే మధ్యలో రైఫిల్ దించి మళ్ళీ ఎత్తినప్పుడు బుగ్గ ఆనించిన చోటు మారి ఉంటుంది. ఇవి అనుమానాలే, తీర్పులు కావు. నోటు పుస్తకంలో పెట్టిన చుక్కలతో సరిపోలితేనే నమ్మండి. ఒకసారికి ఒక్కటే మార్చి, మళ్ళీ నాలుగు కార్డులు కాల్చి, సగటు దూరం తగ్గిందో లేదో చూడండి.

పుస్తకంలో రాసుకోవడం

ఒక్కో కార్డుకి ఒక్క వరస చాలు: తేదీ, పెల్లెట్ రకం, వెలుతురు, గ్రూప్, సగటు దూరం, గురి కుడి-ఎడమ, గురి పై-కింద, స్కోరు. స్కోరుని చివర్లోనే పెట్టండి. కార్డుల్ని పారేయకుండా వెనక తేదీ వేసి దాచండి.

సైట్ సరిగా కుదిరాక సగటు దూరం నుంచి స్కోరు ఎంత రావాలో ముందే చెప్పేయొచ్చు. ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద పాయింట్ల కింద పదో వంతులు కూడా లెక్కిస్తారు, ఒక్క షాట్‌కి గరిష్ఠం 10.9. పెల్లెట్ మధ్య నడిమి నుంచి 0.25 మి.మీ. జరిగిన కొద్దీ 0.1 తగ్గుతుంది. అంటే మీ సగటు దూరాన్ని 2.5తో భాగించి, 10.95లోంచి తీసేస్తే ఒక్కో షాట్‌కి సగటున వచ్చే స్కోరు. సగటు దూరం 3 మి.మీ. అయితే 9.75, అరవై షాట్లకి 585. అదే 2 మి.మీ.కి తగ్గితే షాట్‌కి 10.15, అరవైకి 609. 2008 ఆగస్టు 11న బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచిన ఆఖరి షాట్ 10.8. పెల్లెట్ మధ్య టార్గెట్ నడిమధ్యకి అర మిల్లీమీటరు లోపలే పడిందన్నమాట.

లెక్క 585 అంటుంటే నిజంగా అరవై షాట్లు కాల్చినప్పుడు 570 వస్తోందా? అయితే తేడా ముందు కొలిచిన గ్రూప్‌లో లేదు. సైట్ మళ్ళీ జరిగి ఉంటుంది, లేదా నలభై షాట్లు దాటాక అలసటతో చెదురుతున్నారు. మొదటి ఇరవై, మధ్య ఇరవై, చివరి ఇరవై విడివిడిగా కొలిచి చూడండి. మూడింట్లోనూ సగటు దూరం ఒకటే ఉండి నడిమధ్య మాత్రం జరుగుతూ పోతే సైట్ స్క్రూలు, నిలబడిన చోటు చూసుకోండి. నడిమధ్య కదలకుండా చివరి ఇరవైలో సగటు దూరం పెరిగితే రైఫిల్‌తో పని లేదు. పొద్దున్నే నాలుగు రౌండ్లు పరుగు, రోజూ ఖాళీ రైఫిల్ పట్టుకుని గోడ మీది చుక్కకి గురిపెట్టి నిలబడటం మొదలుపెట్టండి. నెల తర్వాత మళ్ళీ అరవై షాట్లు కాల్చి ఆ మూడు అంకెలూ కొలవండి.